విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లలో పీర్-టు-పీర్ ఫైల్ పంపకం: ఫైర్‌వాల్ నియంత్రణల చరిత్ర

వ్యాససంగ్రహం:

1999లో నాప్‌స్టర్ వెలువడిన నాటి నుండి సుమారు ఒక దశాబ్దంపాటు విశ్వవిద్యాలయాలు తమ నెట్‌వర్క్‌లలో పీర్-టు-పీర్ ఫైల్ పంపకాన్ని అదుపు చేయడానికి అనేక పద్ధతులను అనుసరించాయి. పోర్టులను మూసివేయడం, ప్యాకెట్ లోపలి సమాచారాన్ని పరిశీలించడం, వాడుకరిని గుర్తించి శిక్షించడం, వాడకపు పరిమాణాన్ని క్రమబద్ధం చేయడం అనేవి వాటిలో ముఖ్యమైనవి. అమెరికా విశ్వవిద్యాలయాల అనుభవాలను ప్రధానాధారంగా స్వీకరించి, భారతీయ విద్యాసంస్థల వసతిగృహ నెట్‌వర్క్‌లతో పోల్చి, ఈ పరిణామక్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. నెట్‌వర్క్ రద్దీ, కాపీరైట్ ఉల్లంఘన అనే రెండు వేర్వేరు సమస్యలను ఒకే సాధనంతో పరిష్కరించబోవడమే ఈ నియంత్రణల వైఫల్యానికి ముఖ్యకారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫైర్‌వాల్, పీర్-టు-పీర్, నాప్‌స్టర్, బిట్‌టొరెంట్, పోర్టు, బ్యాండ్‌విడ్త్, కాపీరైట్, వసతిగృహ నెట్‌వర్క్.

1. ఉపోద్ఘాతం:

సాంకేతిక చరిత్రలో నిషేధాలకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. ఒక సాధనాన్ని నిషేధించినప్పుడు అది అంతరించడం అరుదు. నిషేధానికి అనుగుణంగా రూపం మార్చుకోవడమే తరచుగా కనిపిస్తుంది. పీర్-టు-పీర్ ఫైల్ పంపక సాఫ్ట్‌వేర్ చరిత్ర ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. ఈ సాఫ్ట్‌వేర్ రూపురేఖలను దాని నిర్మాతల ఆలోచనలు ఎంతగా నిర్ణయించాయో, దానికి ఎదురైన ఫైర్‌వాల్‌లు కూడా అంతగానే నిర్ణయించాయి.

ఈ సంఘర్షణ మొదట తీవ్రరూపం దాల్చింది విశ్వవిద్యాలయాలలోనే. వేగవంతమైన నెట్‌వర్క్, వేలకొద్దీ యువ వాడుకరులు, బయటి ప్రపంచంతో కలిపే ఒకే ఒక ఖరీదైన మార్గం అనే మూడు పరిస్థితులు అక్కడ ఒకేచోట కూడాయి. పైగా జ్ఞానాన్ని స్వేచ్ఛగా పంచుకోవడం విశ్వవిద్యాలయానికి మౌలిక విలువ. అందువల్ల అక్కడి నెట్‌వర్క్ నిర్వాహకులు తీసుకున్న ప్రతి నిర్ణయమూ సాంకేతిక పరిధిని దాటి విద్యాస్వేచ్ఛ, వ్యక్తిగత గోప్యత అనే ప్రశ్నలను ముందుకు తెచ్చింది.

2. ఫైర్‌వాల్ స్వరూపం:

ఇంటర్నెట్ ద్వారా సాగే సమాచారం ప్యాకెట్లు అనే చిన్నచిన్న భాగాలుగా ప్రయాణిస్తుంది. ప్రతి ప్యాకెట్ పైభాగంలో పంపినవారి చిరునామా, అందుకొనేవారి చిరునామా, పోర్టు సంఖ్యలు ఉంటాయి. చిరునామా ఇంటి సంఖ్య వంటిదైతే, పోర్టు ఆ ఇంటిలోని గది సంఖ్య వంటిది. వెబ్ పుటలకు 80, ఉత్తరాల బట్వాడాకు 25 అన్నట్లు కొన్ని సేవలకు స్థిరమైన పోర్టులు ఏర్పడ్డాయి. 1980ల చివరలో రూపొందిన తొలి ఫైర్‌వాల్‌లు ఈ పైభాగాన్ని మాత్రమే చదివి, ముందుగా రాసిపెట్టిన నియమాల ప్రకారం ప్యాకెట్‌ను అనుమతించేవి లేదా తిరస్కరించేవి. 1994లో విలియం చెస్విక్, స్టీవెన్ బెల్లోవిన్ రచించిన ఫైర్‌వాల్‌ల గ్రంథం ఈ విద్యకు ఒక శాస్త్రీయ స్వరూపాన్ని ఇచ్చింది.

ఈ నియమాల వెనుక ఒక ఊహ దాగి ఉంది. లోపలి కంప్యూటర్ అడుగుతుంది, బయటి సర్వర్ ఇస్తుంది అన్నదే ఆ ఊహ. అందుచేత లోపలి నుండి బయటకు వెళ్లే అభ్యర్థనకు, దానికి వచ్చే జవాబుకు దారి విడిచి, పిలవకుండా బయటి నుండి వచ్చే అభ్యర్థనను ఆపివేయడం సాధారణ నియమమైంది. 1994లోనే ప్రతిపాదితమైన చిరునామా అనువాద పద్ధతి (నాట్) కూడా ఇదే ఫలితాన్నిచ్చింది. అనేక కంప్యూటర్లు ఒకే బహిరంగ చిరునామా వెనుక ఉన్నప్పుడు, బయటి నుండి వచ్చిన పిలుపు వాటిలో దేనికి చేరాలో తెలియదు. భద్రత కోసం కాక చిరునామాల కొరతను తీర్చడానికి పుట్టినప్పటికీ, నాట్ ఆచరణలో ఒక ఫైర్‌వాల్‌గా పనిచేసింది.

పీర్-టు-పీర్ వ్యవస్థలో ప్రతి కంప్యూటర్ అడిగేదే, ఇచ్చేదే. కనుక అది ఫైర్‌వాల్ మౌలిక ఊహకే విరుద్ధమైనది. తరువాతి సంఘర్షణ అంతటికీ మూలం ఇక్కడే ఉంది.

3. నాప్‌స్టర్: ఒకే నిషేధం, రెండు కారణాలు:

బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో చదువు మొదలుపెట్టిన షాన్ ఫానింగ్ రూపొందించిన నాప్‌స్టర్ 1999 జూన్‌లో వెలువడింది. పాటల జాబితా మాత్రమే నాప్‌స్టర్ కేంద్ర సర్వర్లలో ఉండేది; పాట ఒక వాడుకరి కంప్యూటర్ నుండి నేరుగా మరొకరి కంప్యూటర్‌కు చేరేది. పాట ఇచ్చేవారు ఫైర్‌వాల్ వెనుక ఉంటే, అడిగేవారు కేంద్ర సర్వర్ ద్వారా కబురు పంపేవారు. అప్పుడు ఇచ్చేవారి కంప్యూటరే బయటకు వచ్చి పాటను అందించేది. ఇద్దరూ ఫైర్‌వాల్‌ల వెనుక ఉంటే మాత్రం బదిలీ సాధ్యపడేది కాదు. నాటి అమెరికా విశ్వవిద్యాలయాలలో వసతిగృహాల కంప్యూటర్లకు చాలాచోట్ల బహిరంగ చిరునామాలే ఉండేవి. అందుకే విద్యార్థులు ఇచ్చేవారి పాత్రలో కూడా ముందు నిలిచారు.

ఇండియానా విశ్వవిద్యాలయ ఉదంతం ఈ దశను అర్థం చేసుకోవడానికి ఎంతో ఉపకరిస్తుంది. 2000 ఫిబ్రవరిలో ఆ విశ్వవిద్యాలయం నాప్‌స్టర్‌ను నిరోధించింది. పాటల రద్దీ బయటి మార్గాన్ని ఆక్రమించి, బోధన పరిశోధనలకు చోటు చాలకుండా చేయడమే అందుకు చూపిన కారణం. నిరోధాన్ని వ్యతిరేకిస్తూ విద్యార్థులు ఉద్యమించారు. అనంతరం విశ్వవిద్యాలయ సాంకేతిక నిపుణులు నాప్‌స్టర్ సంస్థతో సంప్రదింపులు జరిపారు. అదే ప్రాంగణంలో గాని, విద్యాసంస్థల మధ్య ఉన్న ఇంటర్నెట్2 అనే వేగమార్గంలో గాని దొరికే పాటలకు ప్రాధాన్యం లభించేలా సాఫ్ట్‌వేర్‌ను సవరించే ఏర్పాటు జరిగింది. మార్చిలో నిరోధం తొలగింది.

అయితే 2000 ఏప్రిల్ 13న మెటాలికా సంగీత బృందం నాప్‌స్టర్‌పై వేసిన దావాలో యేల్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలతోపాటు ఇండియానా విశ్వవిద్యాలయాన్ని కూడా ప్రతివాదిగా చేర్చింది. దీనితో ఇండియానా విశ్వవిద్యాలయం మళ్లీ నాప్‌స్టర్‌ను నిరోధించి దావా నుండి బయటపడింది.

రెండు నిరోధాలలోనూ సాధనం ఒక్కటే, కారణాలు వేరు. మొదటిది రద్దీకి సంబంధించినది. సాంకేతిక సర్దుబాటుతో ఆ సమస్య తీరింది. రెండవది చట్టానికి సంబంధించినది. రద్దీ తగ్గించే ఏ సర్దుబాటు అయినా దానిని తీర్చలేదు. ఒకే ఫైర్‌వాల్ నియమం రెండింటికీ సమాధానంగా కనిపించడం వల్ల ఈ భేదం మరుగునపడింది. తరువాతి సంవత్సరాల గందరగోళానికి ఇదే నాంది.

4. కేంద్రం లేని వ్యవస్థలు, స్థిరం లేని పోర్టులు:

నాప్‌స్టర్‌కు కేంద్ర సర్వర్లు ఉండటంవల్ల వాటి చిరునామాలను మూసివేస్తే సరిపోయేది. న్యాయస్థానానికి కూడా అదే వీలు కలిగింది. 2001 ఫిబ్రవరి తీర్పు దరిమిలా అదే ఏడాది జులైలో నాప్‌స్టర్ ఆగిపోయింది. ఈ లోగా 2000 మార్చిలో నల్‌సాఫ్ట్ సంస్థకు చెందిన జస్టిన్ ఫ్రాంకెల్, టామ్ పెప్పర్ వెలువరించిన నుటెల్లా కేంద్రమే లేని పద్ధతిని చూపింది. ప్రతి కంప్యూటర్ తన పొరుగు కంప్యూటర్లను అడుగుతుంది, అవి తమ పొరుగువాటిని అడుగుతాయి. ఫైర్‌వాల్ వెనుక ఉన్నవారి కోసం 'పుష్' అనే ప్రత్యేక సందేశాన్ని నుటెల్లా నియమావళిలోనే పొందుపరిచారు. ఫైర్‌వాల్ ఉనికి రూపకల్పనలోనే భాగమైందన్నమాట.

2001లో నిక్లాస్ జెన్‌స్ట్రోమ్, యానుస్ ఫ్రీస్ వెలువరించిన కజా మొదట 1214 అనే పోర్టును వాడేది. నిర్వాహకులు ఆ పోర్టును మూసివేశారు. తరువాతి రూపాలలో కజా ఏ పోర్టునైనా ఎంచుకొనేలా, అవసరమైతే వెబ్‌కు చెందిన 80వ పోర్టునే వాడేలా మారింది. 80ని మూసివేస్తే వెబ్ మొత్తం ఆగిపోతుంది. పోర్టు సంఖ్యను బట్టి సేవను గుర్తించే పద్ధతికి ఇక్కడితో కాలం చెల్లింది. అదే ఏడాది బ్రామ్ కోహెన్ ప్రకటించిన బిట్‌టొరెంట్ కూడా మొదట 6881 నుండి 6889 వరకు గల పోర్టులను వాడి, క్రమంగా ఇదే దారి పట్టింది.

4.1 ఫైర్‌వాల్ వెనుక నుండి పరస్పర సంబంధం:

ఇద్దరూ ఫైర్‌వాల్‌ల వెనుక ఉన్నప్పుడు బదిలీ కుదరదన్న నాప్‌స్టర్ కాలపు పరిమితి కూడా నిలవలేదు. మూడవ కంప్యూటర్ మధ్యవర్తిగా ఉండి ఇరువురికీ ఎదుటివారి బహిరంగ చిరునామాను తెలియజేస్తుంది. ఇద్దరూ ఒకేసారి బయటకు ప్యాకెట్లు పంపుతారు. ఎదుటి నుండి వచ్చేది తాను పంపిన దానికి జవాబేనని ప్రతి ఫైర్‌వాల్ భావించి దారి ఇస్తుంది. 'హోల్ పంచింగ్' అని పేరొందిన ఈ పద్ధతిని బ్రయాన్ ఫోర్డ్, పైడ శ్రీసురేశ్, డాన్ కెగెల్ 2005లో సమగ్రంగా పరిశోధించారు. వారు పరీక్షించిన నాట్ పరికరాలలో సుమారు 82 శాతం యూడీపీ పద్ధతిలోనూ, 64 శాతం టీసీపీ పద్ధతిలోనూ ఈ సంబంధానికి వీలిచ్చాయి. అంతర్జాల సంభాషణకు, దృశ్యసమావేశాలకు ఇదే పద్ధతి ఆధారమైంది. కనుక దానిని కేవలం దొంగదారిగా పరిగణించడానికి వీలులేదు.

5. లోచూపు నుండి నిఘా వరకు:

పైభాగం చదివితే సేవ ఏదో తెలియని స్థితిలో నిర్వాహకుల దృష్టి ప్యాకెట్ లోపలికి మళ్లింది. ప్రతి పీర్-టు-పీర్ సాఫ్ట్‌వేర్ సంభాషణ ఆరంభంలో కొన్ని నిర్దిష్ట గుర్తులను పంపుతుంది. ఆ గుర్తులను పట్టుకొనే పరికరాలు మార్కెట్‌లోకి వచ్చాయి. ఉత్తరం కవరుపై చిరునామా చూసి బట్వాడా చేసే స్థితి నుండి, కవరు విప్పి చూసే స్థితికి నెట్‌వర్క్ నిర్వహణ మారింది.

2003లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం తన వసతిగృహాలలో ప్రవేశపెట్టిన ఇకారస్ వ్యవస్థ మరో అడుగు ముందుకు వేసింది. పీర్-టు-పీర్ వాడకాన్ని గుర్తించిన వెంటనే అది వాడుకరికి సందేశం పంపి సంబంధాన్ని తెంచేది. మొదటిసారి 30 నిమిషాలు, రెండవసారి 5 రోజులు సేవ నిలిచిపోయేది. మూడవసారి వ్యవహారం క్రమశిక్షణ విచారణకు చేరేది. బదిలీ అయ్యేది కాపీరైట్ ఉన్న పాటా, స్వేచ్ఛగా పంచుకోదగిన లినక్స్ సాఫ్ట్‌వేరా అన్న ప్రశ్నకు ఇందులో తావు లేదు. సాధనాన్ని వాడటమే నేరమైంది.

ఈ లోచూపుకు సాఫ్ట్‌వేర్ నిర్మాతల జవాబు సంకేతీకరణ. 2006 నాటికి అజూరియస్, మ్యూటొరెంట్ అనే ప్రసిద్ధ బిట్‌టొరెంట్ సాఫ్ట్‌వేర్‌లు తమ సంభాషణను గుర్తుపట్టరానిదిగా మార్చే పద్ధతిని స్వీకరించాయి. కవరు లోపలి ఉత్తరం గూఢలిపిలోకి మారింది.

ఇదే పద్ధతి వాణిజ్య రంగానికి పాకినప్పుడు దాని ప్రమాదం ప్రజల దృష్టికి వచ్చింది. అమెరికాలోని కామ్‌కాస్ట్ సంస్థ బిట్‌టొరెంట్ సంభాషణల మధ్యలో, ఎదుటి కంప్యూటరే పంపినట్లు కనిపించే ముగింపు ప్యాకెట్లను చొప్పిస్తున్నదని 2007లో బయటపడింది. కాపీరైట్ గడువు తీరిన పాత బృందగానాలను పంచుకొంటున్న ఒక వాడుకరి దానిని మొదట గుర్తించాడు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ బైబిల్ గ్రంథపు ప్రతితో పరీక్షించి ధ్రువపరిచింది. 2008 ఆగస్టులో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఈ చర్యను తప్పుబట్టింది. అటువంటి ఆదేశం ఇచ్చే అధికారం కమిషన్‌కు లేదని 2010 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆ ఆదేశాన్ని కొట్టివేసింది.

5.1 గుర్తింపులో దోషం:

వ్యక్తిని గుర్తించే పద్ధతి ఎంత నమ్మదగినది అన్న ప్రశ్నకు వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మైకేల్ పియాటెక్, తదయోషి కోనో, అరవింద్ కృష్ణమూర్తి 2008లో జవాబు చూపారు. కాపీరైట్ యజమానుల పక్షాన పనిచేసే సంస్థలు చాలాసార్లు బదిలీని స్వయంగా పరీక్షించకుండా, బిట్‌టొరెంట్ జాబితాలో కనిపించిన చిరునామాలకే ఫిర్యాదులు పంపుతున్నాయని వారు నిరూపించారు. ఫైళ్లను దించుకోవడం గాని పంచడం గాని చేయలేని ప్రింటర్ల చిరునామాలను వారు ఆ జాబితాలోకి ఎక్కించగా, ఆ ప్రింటర్ల పేరిట ఉల్లంఘన ఫిర్యాదులు వచ్చాయి.

ఈ పరిశోధనకు చారిత్రక ప్రాధాన్యం ఉంది. ఒక బహిరంగ చిరునామా వెనుక వందలమంది విద్యార్థులు ఉన్నప్పుడు, ఏ క్షణాన ఎవరు దానిని వాడారో తెలిపే దస్త్రాలను నిర్వాహకులు భద్రపరచవలసి వచ్చేది. తప్పుడు చిరునామాతో ఫిర్యాదు వస్తే ఆ దస్త్రం నిరపరాధి పేరునే చూపుతుంది. ప్రింటర్ తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోనక్కరలేదు. విద్యార్థికి మాత్రం ఆ భారం తప్పదు.

6. పరిమాణం, సామీప్యం:

నిషేధానికి సమాంతరంగా మరొక ఆలోచనాధార సాగింది. ఎవరు ఏమి పంపుతున్నారని అడగకుండా, ఎంత పంపుతున్నారని మాత్రమే అడగడం దాని సారాంశం. పలు విశ్వవిద్యాలయాలు ఒక్కొక్క విద్యార్థికి నిర్ణీత పరిమాణాన్ని కేటాయించడం, బోధన వేళలలో వసతిగృహాల వాటాను తగ్గించి రాత్రివేళ పెంచడం వంటి ఏర్పాట్లు చేశాయి. దీనికి ప్యాకెట్ లోపలికి చూడవలసిన అవసరం లేదు. సంకేతీకరణ దీనికి అడ్డురాదు.

రెండవ మార్గం సామీప్యం. కృష్ణ గుమ్మడి, సహపరిశోధకులు వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సుమారు 200 రోజులపాటు కజా రద్దీని గమనించి, 20 టెరాబైట్లకు పైబడిన బదిలీలను విశ్లేషించి 2003లో ఫలితాలను ప్రకటించారు. విద్యార్థులు బయటి నుండి తెచ్చుకొంటున్న దానిలో అధికభాగం అప్పటికే ప్రాంగణంలో మరొకరి వద్ద ఉన్నదని వారు గుర్తించారు. దగ్గర ఉన్న ప్రతిని ముందుగా చూపే ఏర్పాటు ఉంటే బయటి మార్గంపై భారం బాగా తగ్గుతుందని తేల్చారు. 2000లో ఇండియానా విశ్వవిద్యాలయం నాప్‌స్టర్‌తో కుదుర్చుకొన్న సర్దుబాటు సరైన దిశలోనిదేనని ఈ పరిశోధన శాస్త్రీయంగా స్థాపించింది.

అయితే చట్టం ఈ మార్గానికి అడ్డు నిలిచింది. ప్రాంగణంలోని ఫైళ్లను వెదికే స్థానిక సేవలను నడిపిన నలుగురు విద్యార్థులపై 2003 ఏప్రిల్‌లో అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం దావాలు వేసింది. ప్రిన్స్‌టన్, రెన్సెలార్, మిషిగన్ టెక్ విద్యాసంస్థలకు చెందిన ఆ విద్యార్థులు రాజీ పడి పరిహారం చెల్లించారు. రద్దీని తగ్గించే మార్గమే చట్టం దృష్టిలో నేరమార్గంగా కనిపించింది. రెండు సమస్యల పరిష్కారాలు పరస్పర విరుద్ధాలు కాగలవని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మూడవ మార్గం సాఫ్ట్‌వేర్ నుండే వచ్చింది. మార్గంలో ప్యాకెట్లు ఎంతసేపు నిరీక్షిస్తున్నాయో కొలిచి, ఆలస్యం పెరిగితే తానే వెనక్కి తగ్గే పద్ధతిని బిట్‌టొరెంట్ నిర్మాతలు ప్రవేశపెట్టారు. 2012 డిసెంబరులో లెడ్‌బ్యాట్ పేరిట అది ప్రయోగాత్మక ప్రమాణంగా ప్రచురితమైంది. ఫైర్‌వాల్ బలవంతంగా చేయించదలచిన మర్యాదను సాఫ్ట్‌వేర్ స్వయంగా నేర్చుకొంది.

7. భారతీయ వసతిగృహాల అనుభవం:

భారతీయ విద్యాసంస్థల పరిస్థితి దీనికి భిన్నం. 2000ల దశకంలో ఐఐటీలు, ఇతర ఇంజనీరింగ్ విద్యాసంస్థల వసతిగృహాలలో అంతర్గత నెట్‌వర్క్ వేగంగా ఉండేది. బయటి మార్గం ఇరుకైనది. బయటకు వెళ్లాలంటే పేరు, సంకేతపదం అడిగే ప్రాక్సీ సర్వర్‌ను దాటవలసివచ్చేది. వెబ్ తప్ప తక్కిన పోర్టులు సాధారణంగా మూసి ఉండేవి. ఈ స్థితిలో బిట్‌టొరెంట్ కంటె డైరెక్ట్ కనెక్ట్ పద్ధతి, ముఖ్యంగా డీసీ ప్లస్‌ప్లస్ సాఫ్ట్‌వేర్, ఎక్కువ ప్రచారం పొందింది.

ఇందులో ఒక విద్యార్థి కంప్యూటర్‌పై నడిచే 'హబ్' అందరినీ కలుపుతుంది. ఫైళ్లు మాత్రం నేరుగా ఒకరి నుండి మరొకరికి చేరతాయి. హబ్‌లో చేరాలంటే కనీసం ఇంత పరిమాణం పంచాలన్న నియమం పెట్టడం పరిపాటి. రద్దీ అంతా ప్రాంగణం లోపలే సాగడంవల్ల ద్వారం వద్ద ఉన్న ఫైర్‌వాల్‌కు అది కనిపించదు, బయటి మార్గంపై భారమూ పడదు. వాషింగ్టన్ పరిశోధకులు సిద్ధాంతరీత్యా సూచించిన సామీప్యం ఇక్కడ బ్యాండ్‌విడ్త్ కొరత వల్ల దానంతటదే ఏర్పడింది. పాఠాల దృశ్యాలు, సాఫ్ట్‌వేర్‌లు, పాత ప్రశ్నపత్రాలతోపాటు సినిమాలు, పాటలు కూడా ఈ హబ్‌లలో తిరిగాయి. కనుక రద్దీ సమస్య తీరినా కాపీరైట్ సమస్య అలాగే మిగిలింది. 2010లో ఆమోదం పొందిన జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్ విద్యాసంస్థల బయటి మార్గాన్ని విస్తరించిన తరువాత ఈ హబ్‌ల అవసరం క్రమంగా తగ్గింది.

నిషేధం మాత్రం చాలాచోట్ల నిలిచిపోయింది. దీని ప్రభావం తెలుగు పరిశోధనపై కూడా ఉంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 ఆగస్టు నుండి తన సేకరణలను బిట్‌టొరెంట్ ద్వారా కూడా అందిస్తున్నది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రతిబింబీకరించిన పాత తెలుగు గ్రంథాలు పెద్దసంఖ్యలో అక్కడ లభిస్తున్నాయి. మధ్యలో ఆగిపోయినా మిగిలిన భాగం నుండి కొనసాగించగల బిట్‌టొరెంట్, పెద్ద ఫైళ్లకు, నిలకడలేని నెట్‌వర్క్‌లకు అనువైనది. సాధనాన్నే మూసివేసిన ప్రాంగణంలో, కాపీరైట్ తీరిన గ్రంథాన్ని కోరే పరిశోధకునికి కూడా ఈ మార్గం అందదు.

8. చట్టపరమైన స్థిరీకరణ:

అమెరికాలో 2008 ఆగస్టు 14న ఆమోదముద్ర పొందిన ఉన్నత విద్యావకాశాల చట్టం విశ్వవిద్యాలయాలు కాపీరైట్ ఉల్లంఘనను ఎదుర్కొనే ప్రణాళికను రూపొందించుకోవాలని నిర్దేశించింది. ఆ ప్రణాళికలో కనీసం ఒక సాంకేతిక నిరోధక ఉపాయం ఉండాలి. అయితే ఆ ఉపాయం ప్యాకెట్ల లోచూపే కానక్కరలేదు. బ్యాండ్‌విడ్త్‌ను క్రమబద్ధం చేయడం, రద్దీని పర్యవేక్షించడం, ఫిర్యాదులను స్వీకరించి స్పందించడం, వాణిజ్య నిరోధక పరికరాలను వాడటం అనే నాలుగింటిలో దేనినైనా ఎంచుకొనే వెసులుబాటు లభించింది. 2010 జులై 1 నుండి ఈ నిబంధనలు అమలులోకి వచ్చాయి. దశాబ్దపు అనుభవం ఫలితంగా నిషేధం అనేక మార్గాలలో ఒకటిగా మాత్రమే మిగిలింది.

9. ముగింపు:

పై చర్చనుండి ఈ క్రింది అంశాలు తేటతెల్లమవుతున్నాయి.

1. ఫైర్‌వాల్ అడిగేవారిని, ఇచ్చేవారిని వేరుచేసే ఊహపై ఏర్పడింది. పీర్-టు-పీర్ ఆ భేదాన్ని చెరిపివేసింది. ఇరువాటి సంఘర్షణకు మూలం ఈ నిర్మాణభేదం.

2. పోర్టును మూసివేస్తే సాఫ్ట్‌వేర్ పోర్టు మార్చింది. లోపలికి చూస్తే సంకేతీకరించుకొంది. ప్రతి నిషేధమూ తరువాతి సాఫ్ట్‌వేర్‌ను మరింత గుర్తుపట్టరానిదిగా మలచింది.

3. రద్దీ, కాపీరైట్ వేర్వేరు సమస్యలు. ఇండియానా ఉదంతం, 2003 దావాలు, భారతీయ హబ్‌లు ఈ మూడూ దీనినే నిరూపిస్తున్నాయి. మొదటిది నెట్‌వర్క్ నిర్వాహకుని పరిధిలోనిది. రెండవది విచారణ, ఆధారాలు, ప్రతివాదనకు అవకాశం అవసరమైన న్యాయప్రక్రియ పరిధిలోనిది.

4. పరిమాణాన్ని, సామీప్యాన్ని ఆధారం చేసుకొన్న పద్ధతులు వాడుకరి గోప్యతకు భంగం కలిగించకుండానే రద్దీని తగ్గించగలిగాయి. వ్యక్తిని గుర్తించే పద్ధతులు ప్రింటర్లను కూడా దోషులుగా నిలబెట్టాయి.

5. సాధనం మొత్తాన్ని నిషేధించడం వల్ల కలిగే నష్టం న్యాయబద్ధంగా వాడేవారిదే. ప్రాంగణ నెట్‌వర్క్ విధానాలను రూపొందించేటప్పుడు విద్యాసంస్థలు గ్రంథాలయ, పరిశోధన అవసరాలను కూడా పరిగణనలోకి తీసుకోవలసి ఉంది.